రౌండ్ ఫిగర్

పొద్దున ఎనిమిదీ రెండుకు బొటనేలు పెట్టిన,
మిషిన్ల ఎనిమిదుంబావు పడ్డది.
సాయంత్రం ఐదూ పద్నాలుగు —
ఐదే అన్నది.

"రౌండ్ ఫిగర్ భూలక్ష్మమ్మా, చిల్లరెందుకు?"
సూపర్‌వైజర్ నవ్విండు.

జీడిమెట్ల కంపెనీల
స్ట్రిప్పుకు పది గోలీలు.
ఒక్కటి తక్కువైతే
డబ్బాకు డబ్బా వాపసొస్తది,
నా పేరు మీద.

నిన్న లోడు ఉన్నదని ఏడున్నర దాంక నిలవెట్టిన్రు.
దానికి ఒక సమోస, సగం చాయ్.
చాయ్ మంచిగనే ఉండె.

షాపూర్‌నగర్ ఆటోల, మోకాళ్ల సందున టిఫిన్ డబ్బా,
వేళ్ల కణుపుల మీద లెక్కవెట్టిన:
పొద్దున పదమూడు, సాయంత్రం పద్నాలుగు,
ఇరవయ్యారు దినాలు.
రెండుసార్లు తప్పింది,
గాజులరామారం మలుపు కాడ కుదిరింది —
పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు.

నేను రౌండ్ చెయ్యలే.