మూగ గొట్టం

బుడితిలో మా వీధి పొద్దున్నే మోగుతుంది,
ఏ చెంబు గొంతు ఆ చెంబుదే.
ముఖలింగం తాత మాత్రం
తను పోసిన గంటని గోటితో మీటి
చెవి పక్కకి తిప్పుకునేవాడు.

రంగంలో ఓడల షెడ్డు నుంచి
దొరలు పట్టుకుపోయారట, పని తెలిసినోడని.
అడవిలో గుడారం, రెండు ఆకురాళ్ళు, కిరసనాయిలు దీపం.
చేతిలో ఒక గొట్టం పెట్టారు,
సైకిల్ పంపనుకున్నాడు.
పిడి తీస్తే ఎవరికీ పిస్తోలనిపించదు,
తొడిగి పేల్చినా పక్కింటికి వినిపించదు.

లోపల రబ్బరు బిళ్ళలు, వెనక చిల్లుల రేకు.
చప్పుణ్ణి నమిలి మింగే పళ్ళు.
పన్నెండు గుళ్ళకి పళ్ళరిగి
మూగది మళ్ళీ మాటలు నేరుస్తుంది.
అరిగినవి తీసి కొత్తవి వెయ్యడం తాత వంతు.
రాత్రి వెళ్ళినవాళ్ళు
తెల్లారి గొట్టం చేతికిచ్చి
టీ తాగడానికి పోయేవారు.
ఏం జరిగిందో బిళ్ళ చెప్పేది,
వేలు పెట్టి తడిమితే.

"నానెవుల్నీ సంపనేదురా" అనేవాడు,
మేం అడక్కపోయినా,
అన్నం కలుపుతూ కూడా.

యుద్ధమయ్యాక విశాఖలో ఓడ దిగి
మళ్ళీ కొలిమి ముందు కూర్చున్నాడు.
ఎన్ని గంటలు పోశాడో,
నాలుక మాత్రం నాన్న చేతే కట్టించేవాడు.
కళ్ళు మసకన్నాడు.
సూదిలో దారం మాత్రం తనే ఎక్కించేవాడు.

పెద్దకర్మ మర్నాడు
అటక మీద సిగరెట్ల డబ్బా దొరికింది.
అరిగిన బిళ్ళలు, నలభై ఒకటి.
నాన్న వేళ్ళ మీద
పన్నెండుతో హెచ్చవెయ్యబోయి
మూత పెట్టేశాడు.

రేకు మూత,
గట్టిగానే చప్పుడైంది.