నీలి త్రిభుజం

పటం మడత దగ్గర చిరిగింది,
సరిగ్గా ఊట ఉన్నచోటే.
ఇలింక మూలకి ఉప్పుడబ్బా బరువు పెట్టి
వేలితో నీళ్ళు వెతుకుతోంది.

బ్రషోవ్ నుంచి తొలి బస్సు ఆరూ పదికి.
ఎక్కి దిగడానికి ఐదు గంటలంటుంది బోర్డు,
ఏడంటుంది నా మోకాలు.
"మధ్యరకం దారి" అని రాసినవాడికి
అప్పుడు ఎన్నేళ్ళో!

గొర్రెజున్ను, రెండు ఉల్లిపాయలు, రొట్టె.
ఎలుగుబంటికి వినబడేలా
ఎవరో ఒకరు వాగుతూనే ఉండాలి.
ఆ పని ట్రయాన్‌ది.
ఇరవై ఏళ్ళుగా జీతం లేకుండా చేస్తున్నాడు.

మధ్యాహ్నం రెండయిందా,
శిఖరం చేతికందేంత దూరంలో ఉన్నా సరే
వెనక్కి తిరగాల్సిందే.
ఉరుము మనల్ని అడిగి రాదు.

ఫర్ చెట్ల మానుల మీద
దారి చూపే నీలి త్రిభుజాలు
ఒకప్పుడు నేను వేసినవే.
చెట్లు లావెక్కాయి.
బెరడుతోపాటు సాగి, మూలలరిగి
ఇప్పుడవి ఏ లెక్కల పుస్తకంలోనూ లేని ఆకారాలు.

"దారి తప్పం కదా?" అంది ఇలింక,
పటం మళ్ళీ తప్పు మడతలోనే మడుస్తూ.

తప్పమన్నాను.
వాళ్ళు పడుకున్నాక
సంచి అడుగున, వానకోటు కింద
చిన్న రంగుడబ్బా, పాత కుంచె సర్దాను.
ఆ బరువు సంగతి
మోకాలికొక్కదానికే చెప్పాను.