గుండె మీద రేకు

మా ఆయన పేరు నాను సెప్పను.
నెల్లిమర్ల జూటుమిల్లు పాత కార్డు మీద ఉంటాది,
కావాలంటే సదూకోండి.
ముప్పయ్యారేళ్లు మగ్గాల మద్దిన నిలబడ్డాడు.
మిల్లు జీతం ఇచ్చీసి
సెవులు ఉంచీసుకున్నాది.

పని మానీసి ఇంటికొచ్చినాక
నాను అరిస్తే ఈదంతా ఇంటాది,
ఆయనకి తప్ప.
"సారు ఎయ్యనా?" అంటే
"ఆరింటికి" అనీవోడు.
మొదట్లో నవ్వుకున్నాం.
తరవాత నాను అడగడం మానీసినాను,
ఆయన సెప్పడం మానీసినాడు.

గోడకి వీపు ఆనించి కూకునీవోడు.
షిప్టు మారీ వేళకి మాత్రం,
లేని సైరను ఎక్కడ ఇనీవోడో ఏటో,
సటుక్కున లేచి సొక్కా తొడుక్కునీవోడు.
గుమ్మం దాకా ఎల్లి,
కాసేపు నిలబడి,
సొక్కా ఇప్పీసి
మళ్లా గోడ.

సంపావతి ఒడ్డున పెంటయ్య
తప్పెటగుళ్ల జట్టు మళ్లా కట్టినాడు.
కుర్రోళ్లు రానేదు.
వచ్చినోళ్లంతా మోకాళ్ల నూనె వాసనోళ్లే.
తాతయ్యలుకి సుగరు.
గౌరీసుకి ఒక కన్ను, రెండు పళ్లు.
పెంటయ్యకే డెబ్బైమూడు,
అవి మేకల ఎనక నడిచిన కాళ్లు గాబట్టి లెక్కెట్టకూడదు.
"ఒక మనిసి తక్కువున్నాడొదినా,
గుండ్రం కుదరతన్నేదు" అని
మా ఇంటికొచ్చినాడు.
ఆయన సెవిలో ఏటీ సెప్పనేదు.
ఆయన గుండెకి తప్పెట ఆనించి
ఒక్క దెబ్బ కొట్టినాడు.

ఓలమ్మ!
ఆ మొకం నాను సూసినాను.
సీకటి గదిలో ఉన్నోణ్ని
పేరెట్టి ఎవరో పిలిస్తే
"ఆఁ" అని తిరిగీ మొకం.
ఇన్నాడు.
సెవుల్తో కాదు, ఎముకల్తో.

మొదటి వారం పిక్కలు బూరెల్లాగ పొంగినాయి.
ఉప్పు ఏసి నీళ్లు కాసినాను.
"ఈ వయసులో గెంతులేటి?" అన్నాది పక్కింటి సిమ్మాలమ్మ.
సర్కారు ఆసుపత్రి డాట్రూ అదే అన్నాడు:
"నడూ, గెంతకు."
మా ఆయనకి ఇనపడనేదు.
నాను సెప్పనేదు.

ఒక రాత్రి కోపంగా వచ్చినాడు.
అడుగు తప్పింది తనది కాదంట, తాతయ్యలుదంట.
పళ్లెం ముందు కూకుని
సేతుల్తో ఆ అడుగు నాకు సూపించి
మళ్లా తిట్టినాడు.
ఎన్నేళ్లయిపోనాదో ఈ మనిసికి కోపం వచ్చి!
నాను ఇంకో గరిటె అన్నం ఎట్టినాను.
తినీసినాడు, సూసుకోకుండా.
ఆ రేత్రి నిద్దట్లో మగ్గం నంబర్లు పలకనేదు.

సెవులు రానేదు, అబద్దమెందుకు.
తాతయ్యలుకి కాలివేలు తీసీసినారు.
ఇప్పుడు గుండ్రం మద్దిన కుర్చీ ఏసి
అతన్ని కూకోబెట్టినారు.
అతను వాయిస్తాడు, మిగతావోళ్లు సుట్టూ తిరుగుతారు.
అడుగు తప్పితే
ఇప్పుడు తిట్టీది అతనే.

మొన్న ఆయన రేసనుకెళ్లినాడు.
మేకుకి తప్పెట వేలాడతన్నాది.
ఆడోళ్లు కట్టుకోకూడదంటారు.
ఎవరన్నారో నాకు తెల్దు.
తలుపు జేరేసి
మెళ్లో ఏసుకున్నాను.
సల్లగా ఉన్నాది రేకు. బరువే.
ఒక దెబ్బ.
కొంగు కింద ఏదో కదిలినాది.
రెండో దెబ్బ.
మా అమ్మ పోయిన్నాడు
వచ్చినోళ్లకి వండి పెడతా ఏడవడం మర్చిపోనాను,
అది పక్కటెముకల్లోంచి
గిర్రున లేచినాది.

కళ్లు తుడుచుకుంటే
తలుపు తీసి ఉన్నాది.
భుజాన బియ్యం సంచీ, గడప మీద ఉత్తకాళ్లు.
ఆ సెక్కలోంచి ఎంతసేపటి నుంచి
ఇంటన్నాడో ఏటో.

సంచీ దింపినాడు.
నా మోచెయ్యి పట్టుకుని
బెత్తెడంత పైకెత్తినాడు.

"ఊఁ," అన్నాడు. "ఇప్పుడు కొట్టు."