నాలుక లెక్క

తెల్లారగట్ట మా అత్త వబ్రియా
కదలని పడవ అంచున కూర్చుని
వేలు ముంచి నాలుక్కి రాసుకుంటుంది.
కళ్ళు మూసుకుంటుంది.
"నిన్నటి మీద ఒక చిటికెడు ఎక్కువ" అంటుంది.

నా చేతిలో మీటరు.
ఏదో సంస్థ వాళ్ళు ఇచ్చిపోయిన పసుపుపచ్చ మీటరు,
కలమంత ఉంటుంది,
మూతి తడవగానే అంకె కక్కుతుంది.
నాలుగు వేల రెండు వందలు.
నేను నోట్‌బుక్కులో రాస్తాను.
అత్త రాయదు.
ఆమెకు అన్ని లెక్కలూ నోట్లోనే.

చిబాయిష్‌లో ఇది జూలై.
యాభై డిగ్రీలు దాటాక మేం లెక్క మానేశాం,
రేడియో ఒక్కటే ఓపిగ్గా చెబుతోంది.
రెల్లు నిలువునా ఎండి
గాలొచ్చినా గలగలమనడం లేదు, విరుగుతోంది.

పైన ఆనకట్టలు ఉన్నాయట,
ఒకటి కాదట, ఒక దేశానివే కాదట.
మాదాకా వచ్చే ఆ కాస్త నీటినీ
ఎండ నెమ్మదిగా జుర్రుకుంటుంది.
నీరు లేచి వెళ్ళిపోతుంది.
ఉప్పు వెళ్ళదు.
ఎక్కడికెళ్ళాలో తెలియక
మాలాగే ఇక్కడే కూర్చుంటుంది.

ఒకాయన వచ్చాడు తెల్ల కారులో, బాగ్దాదు నుంచి.
నీళ్ళెప్పుడు వదులుతారయ్యా అంది అత్త.
ఆయన నీళ్ళు నమిలాడు.
"ఆ నమిలేవయినా ఇక్కడ ఉమ్మిపో నాయనా,
మా బర్రెలు తాగుతాయి."
అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.
కారెక్కేముందు గడగడా తాగి పారేసిన సీసా మీద
మంచుకొండ బొమ్మ.
మా చిన్నది దాన్ని గోడకు అంటించుకుంది.

పదకొండు బర్రెలు.
ఇప్పుడు నాలుగు.
వాటిలో కహ్లాకు కళ్ళు పోయాయి,
ఉప్పు పొర కమ్మి, పాలమీగడలా తెల్లగా.
అత్త దగ్గు వినిపించిన వైపు నడుస్తుంది.
అత్త ఈమధ్య అవసరం లేకపోయినా దగ్గుతోంది.

నా మొగుడు ఖయ్యూన్ వారానికి రెండుసార్లు
పికప్‌లో మంచినీళ్ళు తెస్తాడు.
రెండు పళ్ళేల మీగడ అమ్మితే ఒక డ్రమ్ము.
ఒక పళ్ళెం మీగడ తియ్యాలంటే బర్రెలకు
మూడు డ్రమ్ములు పట్టాలి.
ఈ లెక్క నేను నోట్‌బుక్కులో రాయలేదు.

ఎవరి ఉప్పు తింటామో
వాళ్ళకు విశ్వాసంగా ఉండాలని మా పెద్దల మాట.
ఇంత ఉప్పు తిన్నాం.
ఎవరికని ఉండాలి?

మొన్న బేరగాడు సగ్బాన్ వచ్చాడు.
తాడు చేతికి చుట్టుకుని నిలబడ్డాడు,
తొందరేం లేదన్నట్టు.
మీటరు ఆరు వేలు దాటింది.
అత్త వేలు ముంచింది,
నాలుక్కి రాసుకుంది,
కళ్ళు మూసుకోలేదు.
కహ్లా చెవిలో చెప్పింది:
"తియ్యగా ఉంది తల్లీ, తాగు."

నలభై ఏళ్ళలో ఆ నాలుక
నీటి సంగతిలో అబద్ధమాడడం నేను వినలేదు.
నేను కోడలిగా వచ్చి పన్నెండేళ్ళే అనుకోండి,
ఊరంతా చెప్పే మాట అది.
కహ్లా నమ్మింది.
మూతి దాకా దించింది.
వాసన చూసింది.
అలాగే తల ఎత్తి
కనిపించని ముఖం వైపు చాలాసేపు చూసింది.

అప్పుడు అత్త లేచి గుడిసెలోకి పోయి
తన వంతు డబ్బా తెచ్చి
బొక్కెనలో మొత్తం ఒంపేసింది.
సగ్బాన్ తాడు విప్పుకుని
రేపొస్తానన్నాడు.

ఆ సాయంత్రం కహ్లా చేపింది.
గిన్నె అడుగు కూడా మునగనన్ని పాలు, వెచ్చగా.
మీటరు తీశాను. మళ్ళీ కొంగున ముడేశాను.
వేలు ముంచి నాలుక్కి రాసుకుని
కళ్ళు మూసుకున్నాను.

"ఎలా ఉన్నాయే?" అంది అత్త,
పొడిబారిన పెదాలు తడుపుకుంటూ.

నేను నీళ్ళు నమిలాను.