పసుపు నీళ్లు

పొట్టంగిలో పుష్యమాసపు తెల్లవారుజామున
మంచు అద్దం మీద కంటే ముందు
వేళ్ల కణుపుల్లో పేరుకుంటుంది.
నా సుమోకి ఇరవై రెండేళ్లు.
మీట ఎర్రగీత దాకా తోసినా
గాలి వస్తుంది, వేడి రాదు.
సునాబెడలో దిగే నర్సమ్మలు
కాళ్లు సీటు మీదికి ముడుచుకుని
"హీటరుకి కూడా చలేస్తోందా గౌరీసూ" అంటారు.
వారం రోజులుగా అదే వేళాకోళం.

సెమిలిగుడ సంతవీధి చివర
దాలినాయుడి షెడ్డు.
ముప్పై ఏళ్ల కిందట సాలూరు నుంచి ఘాటీ ఎక్కొచ్చాడు.
తెలుగులో తిడతాడు, ఒడియాలో లెక్క చెబుతాడు,
పానా జారి వేలు చితికితే మాత్రం
అది ఏ భాషా కాదు.

బానెట్ ఎత్తించాడు గానీ చెయ్యి పెట్టలేదు.
ఇంజను వేడెక్కేదాకా బీడీ కాల్చాడు.
రేడియేటర్లో నీళ్లు, నిండుగానే ఉన్నాయి.
ముల్లు నడిమికొచ్చి నిలబడింది.
"థర్మోస్టాటు మంచిదే. పాపం దాని మీదెయ్యకు."
మీట తీగ లాగి చూశాడు, కవాటం బాగానే తెరుచుకుంటోంది.
అప్పుడు క్యాబిన్లోకి పోయే రెండు గొట్టాల్నీ
చెరో చేత్తో పట్టుకున్నాడు,
బేరానికి ముందు మేకపోతు చెవులు పట్టినట్టు.
"నువ్వూ పట్టుకో."
కుడిది చుర్రుమంది.
ఎడమది కొలాబు నీళ్లు.
"ఎల్లిన వేడి ఎనక్కి రాట్లేదు.
లోపలెవడో కూకున్నాడు."

సుక్రా గొట్టాలు విప్పాడు.
నీళ్లు బయటికొచ్చే మూతిలో పైపు దూర్చాడు.
"ఎదురు తన్నాల. ముందుకి తోస్తే ఇంకా బిగుస్తాది."
ఏమీ రాలేదు.
ఒక దగ్గు.
మళ్లీ ఏమీ రాలేదు.
తర్వాత భళ్లున బకెట్లోకి,
తుప్పు అనుకున్నాను, కాదు,
పసుపు. ముద్దలు ముద్దలుగా.
దాలినాయుడు వేలితో తీసి వాసన చూశాడు,
నా మొహం చూశాడు.
"ఎవడ్రా ఈ పేరంటం పెట్టింది?"

నేనే.
మూడేళ్ల కిందట, శ్రావణంలో, సుంకి ఘాటీలో
రేడియేటరు సన్నగా కారుతుంటే
ఒక్క లారీ ఆగలేదు.
లారీవాళ్ల చిట్కా గుర్తొచ్చి
ఎవరి దగ్గరైనా పసుపుందా అని అరిచాను.
వెనక సీట్లోంచి ఒక పరజా ఆమె దిగి,
సంతలో అమ్మబోయే మూట
వానలోనే విప్పింది.
మూడు దోసిళ్లు. ఇంట్లో దంచిన పసుపు.
కారడం ఆగింది. సాలూరు చేరాం.
డబ్బివ్వబోతే
కాటా లేకుండా ఎట్లా కడతావన్నట్టు నవ్వి
జనంలో కలిసిపోయింది.
చార్జీ ముప్పై రూపాయలు మాత్రం
బండెక్కినప్పుడే పుచ్చుకున్నాను.

చిల్లి ఏదో, సన్న దారి ఏదో
పసుపుకి తేడా తెలీదు.
రెండూ మూసింది.

నీళ్లు తేటపడేసరికి నాలుగు బకెట్లు.
మళ్లీ నింపి, బండి ముక్కు గట్టు మీదికెక్కించి,
మూత తీసి రేసిస్తుంటే
బుడగ మీద బుడగ, చిక్కుకున్న గాలంతా పోయింది.
రెండో గొట్టం పట్టుకున్నాను.
చుర్రు.
కాసేపు చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.
"రేడియేటరు కొత్తదెయ్యించు.
పసుపు కూరలోకి వాడు" అన్నాడు,
నూటయాభై తీసుకున్నాడు.

మర్నాడు నర్సమ్మలు శాలువలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు.
వేళాకోళానికి వేరే సంగతి వెతుక్కున్నారు.
నేను అద్దంలోంచి వెనక్కి చూశాను.
మూటలవాళ్లు దగ్గరదగ్గరగా, ముక్కుల దాకా ముసుగు.
హీటరు గాలి వెనక సీటు దాకా పోదు.
ఈ బండిలో ఏ రోజూ పోలేదు.
ఇరవై రెండేళ్లలో నాకిది తట్టలేదు.

తిరుగు ట్రిప్పులో ముందు సీటు ఖాళీ.
మలుపులో నిలబడ్డ వాళ్లలో ఆమె ఉందేమో,
మొహం గుర్తు లేదు నాకు.
ఒక ముసలామెని ముందుకి రమ్మన్నాను.
కదల్లేదు.
ముందు సీటుకి ఎంత ఎక్కువ,
అని దేసియాలో అడిగింది.