ఇరవై కిలోల లోపు

రాజురా రోడ్డు మీద ధర్మకాంట నాది.
నాదంటే సేటుది, కూసునేది నేను.
పద్దెనిమిదేండ్లాయె.
బొగ్గు లారీ ఎక్కుతది, దిగుతది.
ఖాళీ బరువు, నిండు బరువు,
నడుమ తేడాకు ఒక చీటీ.

ఎక్కువేస్తే ఏమైతదో ఎవ్వరూ నాకు చెప్పనక్కర లేదు.
ముందుగాల కమాన్ పట్టీలు కుంగుతయి,
టైరు వేడెక్కుతది, బ్రేకు మాట వినదు,
ఎత్తు మీద ఇంజను గస పోస్తది.
గివన్నీ కిటికీల నుంచి చూస్కుంట
తర్రి పోసిన పోహా తిన్న, మీద ఆలుబోండ.
షిఫ్టుకు ఎనిమిది చాయలు, ఎనిమిదింటికీ శక్కెర.

నా గదికి మెట్లు మూడే.
మూడో మెట్టు కాడ మోకాలు పట్టుకోని
నిలబడ్డనాడు గూడ ఓవర్‌లోడని తోచలే.
రాజవ్వనే చెప్పింది:
"గురకకు గాదు నా భయం.
గురక ఆగుతది సూడు, గప్పుడు
లేచి కూసోని నీ ఊపిరి కోసం చెవొగ్గుత."

వైరాగడే డాక్టరమ్మ
శక్కెర చూసింది, బీపీ చూసింది, తిట్టలే.
మందుల కింద గీత గీసి
"రోజ్ చాలా" అన్నది.
రోజూ చాలా తింటున్నవని దెప్పినట్టే ఇనబడ్డది నాకు.
కంపౌండర్ నవ్విండు:
"ఓదెలు భావూ, నడువుమంటున్నరు."

ఇప్పుడు చీటీ కోసం డ్రైవర్ దిగి రాడు,
నేనే లారీ కాడికి పోత.
డ్యూటీ దిగినంక వర్ధా వంతెన దాకా నడక;
తొలివారం సగం దాకనే,
రెయిలింగు పట్టుకోని
నీళ్లు చూస్తున్నట్టు నటించుకుంట.
చాయలు రెండుకొచ్చినయి.
రాత్రి అన్నం బంద్, జొన్నరొట్టె, పుంటికూర.
రెండో రొట్టెకు చెయ్యి పోతే
"చాలు" అంటది రాజవ్వ.
ఆడ చాలా, ఈడ చాలు.
రెండు భాషల నడుమ బతుకు,
తప్పించుకునే సందు లేదు.

మొదట్ల ఒక రాత్రి, లారీల్లేని గంటల,
చెప్పులిడిచి కాంట ఎక్కిన.
కిటికీల ఎర్రంకెలు: నూట ఇరవై.
దవాఖాన మిషన్ల నూట పదమూడే.
నా కాంటకు ఇరవై కిలోల లోపు లెక్క తెల్వదు.

నాలుగు నెలలకు, మొన్న రాత్రి, మళ్ల ఎక్కిన.
నూరు!
ఒక్కదెబ్బకు ఇరవై కిలోలు మాయం.
చీటీ గూడ కొట్టిన,
లారీ నంబరు కాడ ఏం రాయాల్నో తోచలే.
దవాఖానల నూట ఎనిమిది.
పోయినయి అయిదే,
అందుల ఒకటి దీపావళికి తిరిగొచ్చి
మళ్ల పోయింది.

ఇయ్యాల సెలవు.
ఎండ గడప దాటి మంచం దాకా వచ్చినా
రాజవ్వ లేవలే,
ఎన్నేండ్ల నిద్రనో.
సప్పుడు గాకుండ చాయ పెట్టిన,
రెండు గిలాసలు.
ఒక్కదాంట్లనే శక్కెర.