నల్లా వచ్చింది

మా అత్తగారి పేరు సామ్రాజ్యం.
వంటింటి గుమ్మంలో ఆవిడ నిలబడితే
ఆ పేరు ఎవరు పెట్టారోగానీ
చూసే పెట్టారనిపిస్తుంది.

ఏడాదికోసారి, మార్చిలో, పదకొండు రోజులు
పూణే నుంచి గుంటూరొస్తాం.
చుట్టుగుంటలో ఆటో దిగీదిగగానే
యార్డు మీంచి వచ్చే గాలికి
వరసగా ఏడు తుమ్ములు తుమ్ముతాను.
"సామ్రాజ్యం, నీ కోడలు దిగింది"
ఎదురింటి నాగేంద్రమ్మ, బయటికి రాకుండానే.

మొదటి ఏడాది సంగతి.
తెల్లవారుజామున పెరట్లో నీళ్ల చప్పుడు విని
అందరికంటే నేనే ముందు లేచానన్న సంబరంలో
"అత్తమ్మా, నల్లా వచ్చింది!" అని అరిచాను.
ఆవిడ జుట్టు ముడేసుకుంటూ వచ్చి
"ఎవరమ్మా నల్లగా వచ్చింది?" అని
వీధి గుమ్మం వైపు చూసింది.
ఆ ఒక్క మాట మీద ఈ ఇల్లు నాలుగేళ్లు నవ్వింది.
మామయ్య పెళ్లిళ్లలో కూడా చెప్తాడు,
నన్ను పక్కన కూచోబెట్టుకుని.
నేనూ నవ్వుతాను.
కరీంనగర్లో మా అమ్మ వింటే నవ్వుతుందో లేదో
అడగలేదు.

ఇక్కడ నాకు పనుండదు.
బీరకాయ పట్టుకుంటే "నీకెందుకమ్మా, పోయి పడుకో."
చీపురు పట్టుకుంటే "అయ్యో, చూసినవాళ్లు ఏమనుకుంటారు?"
పోపులడబ్బా మూత తీస్తే మాత్రం ఏమీ అనదు.
నేనటు తిరిగాక
జీలకర్ర గిన్నెని దాని చోట్లోకి మళ్లీ జరుపుతుంది.

శ్రీకర్ రైలు దిగేసరికి పదేళ్ల పిల్లాడైపోతాడు.
తువ్వాలు ఎక్కడుందో తెలీదు,
మంచినీళ్లు ఎక్కడుంటాయో తెలీదు.
పూణేలో రాత్రి పదింటికి రేడియో పెట్టుకుని
గిన్నెలు తోమే మనిషి
ఇక్కడ తిన్న కంచంలోనే చెయ్యి కడిగి లేచిపోతాడు.
నేను ఆ కంచం వైపు చూస్తాను.
అతను నా వైపు చూడడు.

మామయ్య ముప్ఫై ఏళ్లు యార్డులో గుమాస్తా.
మధ్యాహ్నం వరండాలో నాకు పాఠం.
మిరపకాయ తొడిమ పట్టుకుని, వెలుగుకి ఎత్తి,
"రంగు చూసి మోసపోకూడదమ్మాయ్.
చెవి దగ్గర పెట్టుకుని ఊపు.
ఎండిన కాయ మోగుతుంది. తేమ సరుకు నోరు మెదపదు."
ఊపాను. మోగింది.
తుమ్మొచ్చింది.

తొమ్మిదో రోజు రాత్రి కరెంటు పోయింది.
మగవాళ్లు డాబా ఎక్కారు.
పనిమనిషి సుగుణ, మనవరాలి ఓణీల ఫంక్షనని రాలేదు.
పెరట్లో అత్తగారు, నేను, గిన్నెల గుట్ట.
చీకటి కదా, చూసేవాళ్లెవరూ లేరు కదా,
ఆవిడ తోమి ఇస్తుంటే నేను కడుగుతున్నాను.
"అవునుగానీ, అక్కడ మీ ఇంట్లో అంట్లెవరు తోముతారే?"

నాలుగేళ్లలో మొదటిసారి ఆ "రే".

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.
"ఆయనే" అన్నాను.

పీచు చప్పుడు ఆగింది.
డాబా మీద క్రికెట్ గురించి శ్రీకర్ గొంతు.
పక్కసందులో ఎవరిదో జనరేటర్.
నేను ఒకే గ్లాసుని మూడుసార్లు కడిగాను.
అప్పుడు ఆవిడ భుజాలు కదలడం మొదలైంది.
కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది సామ్రాజ్యం.
"మీ మామయ్య కూడానే!
వీడు కడుపులో ఉన్నప్పుడు
వీధి తలుపు గడియేసి, లైటార్పి మరీ తోమేవాడు,
నాగేంద్రమ్మ చూస్తుందని."

నవ్వాపుకోలేక ఇద్దరికీ పొలమారింది.
"ఏంటి కింద?" పైనుంచి మామయ్య.
"ఏం లేదు, మిరప ఘాటు!"

కరెంటొచ్చాక చూస్తే
నేను కడిగినవన్నీ ఆవిడ మళ్లీ కడుగుతోంది.

తెల్లారి ఐదింటికి
ఎవరో నా కాలి బొటనవేలు పట్టి లాగారు.
"లేవవే. నీ నల్లా వచ్చింది."

లేచాను.
కళ్ల నిండా నిద్ర. బిందె బరువుగా ఉంది.